పొపాయ్‌కి మనిషి, టామ్‌కి బొమ్మ

వేసవి సెలవులకి పిల్లలొస్తే అమలాపురంలో మా ఇంటి టీవీ వాళ్లదే. ఈసారి పాత కార్టూన్లని మనుషులతో తీసిన రెండు సినిమాలు వరసగా చూశాం.

1980 నాటి ‘పొపాయ్’లో అందరూ మనుషులే. నావికుడు పొపాయ్‌గా వేసిన రాబిన్ విలియమ్స్ చేతులకి ఉబ్బిన కండల తొడుగులు వేశారు. సినిమా కోసం మాల్టా తీరంలో చెక్కతో ఊరినే కట్టేశారు. అది ఇప్పటికీ ఉంది, జనం చూడ్డానికి వెళ్తారు. ఆ వంకర ఇళ్లు, రేవులో పడవలు చూసి అమ్మ “మన అంతర్వేది రేవులా లేదూ?” అంది. ఊరు నిజంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. కానీ కార్టూన్ బొమ్మని గుద్దితే గాల్లో గిరగిరా తిరుగుతుంది. మనిషికేమో బరువు తెలిసిపోతుంది, నవ్వు సగమే వస్తుంది.

2021 ‘టామ్ అండ్ జెర్రీ’లో మనుషులు మనుషులే, జంతువులన్నీ బొమ్మలే. న్యూయార్క్ హోటల్లో పిల్లీ ఎలకా కలిసి పెళ్లి ఏర్పాట్లు పాడుచేస్తుంటే, పూతరేకు నోట్లో పెట్టుకున్న మా చిన్నోడు ఫక్కున నవ్వి ఆ పంచదార పొడంతా నా లుంగీ మీద ఊదాడు. ఎన్ని దెబ్బలు తిన్నా పిల్లి మళ్లీ లేస్తుంది, 1940 నుంచీ అదే లెక్క. మనుషుల కథ మాత్రం ఉప్పు లేని పప్పు.

పిల్లలతో అయితే రెండోదే పెట్టండి. వాళ్లు పడుకున్నాక నేను మళ్లీ పెట్టుకుంది మొదటిది.