జర్నలిజం సీటుకు ఫీజు కట్టేముందు: స్టూడియో ఫొటోలు చూసి మోసపోకండి

మహానగరంలోని యూనివర్సిటీలో జర్నలిజం చేరబోతున్నవాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. బ్రోచర్లో గ్రీన్ మ్యాట్ స్టూడియో, వరసగా కెమెరాలు, పేరున్న యాంకర్ల ఫొటోలు ఉంటాయి. అవన్నీ నిజంగానే ఉండొచ్చు. అయినా కోర్సంతా చదివి, 200 పదాల వార్త తప్పుల్లేకుండా రాయలేక బయటికొస్తున్న పిల్లలున్నారు. తప్పు వాళ్లది కాదు. చూపించింది ఒకటి, నేర్పింది ఇంకొకటి.

ముందు కెమెరాల లెక్క. ‘ఎన్ని ఉన్నాయి’ అని అడిగితే చాలదు, ‘పనిచేసేవి ఎన్ని’ అని అడగండి. సెక్షన్లో 60 మంది, పనిచేసే కెమెరాలు 5, వారానికి 3 గంటల ల్యాబ్ అనుకుందాం. కెమెరాకి 12 మంది, తలా 15 నిమిషాలు. ట్రైపాడ్ బిగించి, వైట్ బ్యాలెన్స్ (వెలుతురుకి తగ్గట్టు రంగుల సెట్టింగ్) చూసుకుని, మైక్ తగిలించేసరికి అందులో సగం పోతుంది. మెమరీ కార్డుల సంగతీ ఇంతే. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీసే 4కె వీడియో గంటకి 45 జీబీ తింటుంది, 32 జీబీ కార్డు 40 నిమిషాలు దాటగానే నిండిపోతుంది. కార్డు స్పీడు చాలకపోతే ఇంటర్వ్యూ మధ్యలోనే రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకే స్టూడియో కంటే ముందు పరికరాలిచ్చే రిజిస్టర్ చూపించమనండి. సామాను క్యాంపస్ బయటికి ఇస్తున్నారా, రాత్రికి ఉంచుకోనిస్తారా, పాడైతే ఎవరు కట్టాలి, అన్నీ అందులో తేలిపోతాయి. శనివారం సాయంత్రం జరిగే సంఘటనకి సోమవారం కెమెరా ఇస్తే ఏం లాభం?

సౌండు నేర్పుతున్నారో లేదో తప్పకుండా కనుక్కోండి. విద్యార్థులు చేసే టీవీ వార్తా కథనాలు (ప్యాకేజీలు) ఎక్కువగా చెడిపోయేది బొమ్మ వల్ల కాదు, మాట వినపడక. కెమెరాకున్న మైక్ మనిషి గొంతుతో పాటు రోడ్డు మోతనంతా పట్టేస్తుంది. లేపెల్ మైక్ (బట్టలకి తగిలించే చిన్న మైక్) గడ్డానికి జానెడు కింద పెట్టాలి, మీటర్లో గొంతు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, చెవులకి హెడ్‌ఫోన్స్ ఉండాలి. లెవెల్ సున్నా దాటి పగిలిన గొంతును ఎడిటింగ్‌లో మళ్లీ మామూలుగా చేయడం దాదాపు జరగని పని. ఇది చెప్పడానికి అరగంట చాలు, చేతికి అలవాటవ్వాలంటే నెలలు కావాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, దిద్దిన కాపీ, అంటే విద్యార్థి రాస్తే టీచర్ దిద్దిచ్చిన వార్త. ఏ విద్యార్థినైనా పోయిన సెమిస్టర్‌లో రాసిన వార్త ఒకటి చూపించమని అడగండి. ‘నగర పాలక మండలి సమావేశంలో పలు అంశాలపై చర్చించారు’ అన్న ఇంట్రో (వార్త మొదటి వాక్యం) కింద ‘బాగుంది, 8/10’ అని మాత్రమే ఉంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో డెస్క్ పని (వార్తలు దిద్దే పని) తెలిసిన చెయ్యి లేనట్టే. తెలిసినవాళ్లు ‘పలు’ మీద గీత గీస్తారు. ఏ అంశాలు? ఏం నిర్ణయించారు? ఎవరు వ్యతిరేకించారు? నీటి పన్ను పెంచితే అది ఆఖరి పేరాలో ఎందుకుంది, ఇంట్రోలోకి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలతో మార్జిన్ నిండాలి, పిల్లలు తిరగరాసి మళ్లీ ఇవ్వాలి. ఒక్కో విద్యార్థి వారానికి ఎన్ని కాపీలు రాస్తాడు, ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? ఫీజు అసలు విలువ ఇక్కడే ఉంది. బ్రోచర్లోని పెద్ద పేర్లు ఏడాదికోసారి గెస్ట్ లెక్చర్‌కి వచ్చేవాళ్లో, వారం వారం దిద్దేవాళ్లో పాత టైమ్‌టేబుల్ చూస్తే తెలుస్తుంది.

నగరంలో చదవడం మంచిదే. కోర్టులు, మున్సిపల్ ఆఫీసు, పెద్దాసుపత్రి, కార్మిక సంఘాలు అన్నీ అక్కడే ఉంటాయి. కానీ క్యాంపస్ ఊరి చివర ఉండి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులూ, హాజరు లేకపోతే పరీక్ష లేదన్న నిబంధనా ఉంటే కోర్టు హాల్లో ఒక పూట కూర్చోవడానికి కూడా వీలుండదు. వారంలో క్లాసుల్లేని రిపోర్టింగ్ రోజు ఉందా అని నేరుగా అడగండి. మీడియా చట్టాలు ఎన్ని గంటలు చెబుతారో కూడా అడగండి. పరువునష్టం, కోర్టు ధిక్కారం, మైనర్ల పేర్లు బయటపెట్టడం లాంటివి రెండు క్లాసుల్లో చుట్టేస్తే ఉద్యోగంలో చేరాక ఆ ప్రమాదం పిల్లల మీదే పడుతుంది.

‘100 శాతం ప్లేస్‌మెంట్’ అంటే ఎంతమందిలో 100 శాతం? ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చినవాళ్లనే లెక్కపెట్టి, అడ్వర్టైజింగ్, కంటెంట్ రైటింగ్ ఉద్యోగాలు కూడా అందులో కలిపేయొచ్చు. ఆ పనులు తక్కువేం కావు, కానీ రిపోర్టర్ అవుదామని చేరినవాళ్లకి ముందే చెప్పాలి కదా. ఇంటర్న్‌షిప్ డిపార్ట్‌మెంట్ ఇప్పిస్తుందా, మీరే వెతుక్కోవాలా అని అడగండి. సర్టిఫికెట్లు కాదు, సీనియర్ల బైలైన్‌తో (రాసినవాళ్ల పేరుతో) అచ్చయిన వార్తలు చూపించమనండి.

సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుందో, అది డిగ్రీయో డిప్లొమాయో, గుర్తింపు ఉందో లేదో సంస్థ చెప్పింది నమ్మకుండా గుర్తింపునిచ్చే అధికారుల జాబితాలోనే చూసుకోండి. ‘ఈరోజే ఆఖరు, సీటు పోతుంది’ అని ఫోన్ల మీద ఫోన్లు చేసినా సరే, మానేస్తే ఏ తేదీలోపు ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా రూపాయి కూడా కట్టకండి.