పోర్షే వేసుకుని రోటెన్‌బుర్గ్ కోటలోకి వెళ్లకండి

ముందే చెప్పేస్తున్నా, రోటెన్‌బుర్గ్ మంచి ఊరే, జర్మనీలో చుట్టూ పాత కోటగోడ ఉన్న ఊరు. నా కోపమంతా అక్కడి ఒక హోటల్ మీద. పేరు రాయను. ప్రాకారం లోపల ఉంటుంది, ఆర్చి కింద నుంచి పెరట్లోకి దారి, "సొంత పార్కింగ్, గుమ్మం దాకా కారు" అని బుకింగ్ పేజీలో గొప్పగా రాసుకుంటుంది. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

మా బావమరిది హైదరాబాద్ నుంచి సెలవు మీద మా ఇంటికి, స్టుట్‌గార్ట్‌కి వచ్చాడు. దిగిన దగ్గర్నుంచీ ఒకటే గోల: "బావా, పోర్షే పుట్టిన ఊళ్లో ఉండి స్కోడా నడుపుతున్నావా?" పడలేక వారాంతానికి 911 కరేరా అద్దెకు తీసుకున్నాం. రోజుకు 389 యూరోలు, 300 కి.మీ. వరకు కలిపి, దాటితే కి.మీ.కి 89 సెంట్లు. కార్డు మీద 2,500 డిపాజిట్ కింద బ్లాక్ చేశారు. వాడు గర్వంగా ఇంటర్నేషనల్ పర్మిట్ తీస్తే, ఈ తరగతి కార్లకు అది పనికిరాదంది కౌంటర్లో అమ్మాయి. వాడి మొహం చూడాలి! దారి పొడవునా పక్క సీట్లో కూర్చుని నా గేర్లు తప్పుపడుతూనే ఉన్నాడు. బండేమో ఆటోమేటిక్.

అద్దె కాగితాల్లో ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా వెతికి చదవండి. ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు గానీ టైర్లు, రిమ్ములు, బండి అడుగుభాగం దాని కిందికి రావు. రాళ్ల వీధుల్లో దెబ్బతినేవి సరిగ్గా ఆ మూడే.

ఆటోబాన్, అంటే జర్మనీ హైవే, సంగతి పెద్దగా ఏం లేదు. ఏ6 నిండా లారీలు, రోడ్డు పనులు. ఏ7 ఎక్కాక కాసేపు 220 చూశాం, వెనక నుంచి మా ఆవిడ "చాలు" అంది. ఆ వెనకే వాన. ముందు చక్రాల దగ్గరున్న సెన్సార్లు నీళ్ల చప్పుడు పసిగట్టి 'వెట్' మోడ్ పెట్టుకోమని డ్యాష్‌బోర్డు మీద చూపించాయి. బావమరిది అరగంట దాని గురించే మాట్లాడాడు.

ష్పిటాల్‌టోర్ అనే దక్షిణ ద్వారం దగ్గర అసలు కథ మొదలైంది. అక్కడి నుంచి మార్కెట్ దాకా నేలంతా తలలు పైకి తేలిన రాళ్లే. వాటి మీద స్కోడా ఊగుతూ పోతుంది. 911 అలా కాదు. వెనక టైరు 295/35, అంటే రోడ్డుకీ రిమ్ముకీ మధ్య రబ్బరు పది సెంటీమీటర్లే, స్ప్రింగులు గట్టివి. సస్పెన్షన్ మెత్తటి సెట్టింగులోనే ఉంచినా రోట్లో వేసి దంచినట్టే ఉంది. తడి రాయి మీద కాస్త యాక్సిలరేటర్ నొక్కితే వెనక చక్రం జారడం, ట్రాక్షన్ లైటు మిణుకుమనడం. గంటకు పది కి.మీ. మించితే అద్దాలు కూడా వణికాయి. ప్లోన్‌లైన్ దగ్గర, అంటే ప్రతి క్యాలెండర్ మీదా ఉండే ఆ పసుపు ఇంటి దగ్గర, మా ఆవిడ "నా నడుం పోయింది, ఆపండి" అని దిగి గొడుగు వేసుకుని నడిచింది. మాకన్నా ముందే హోటల్ చేరింది. ఫోన్లు పట్టుకున్న టూరిస్టులు మాత్రం మమ్మల్ని ప్రేమగా ఫొటోలు తీశారు. బావమరిది అద్దం దించి కూర్చున్నాడు, వాన పడుతున్నా.

హోటల్ ఆర్చి చూడగానే నాకు అనుమానం వచ్చింది. బండి వెడల్పు 1.85 మీటర్లు, అద్దాలు కలుపుకుంటే 2 దాటుతుంది. ఆర్చి కింద అడ్డంగా రాళ్లతో కట్టిన మురుగుకాలువ, వెంటనే పెరట్లోకి ఎత్తు. దిగి రిసెప్షన్‌లో అడిగాను, ఇది కిందికుండే కారు, పడుతుందా అని. ఆయన తల ఎత్తకుండానే "అందరూ వస్తారు" అన్నాడు. బయట పెట్టుకుంటానంటే, "పార్కింగ్ 15 యూరోలు మీ బుకింగ్‌లోనే ఉంది, వాపసు రాదు" అన్నాడు. ఒక్కసారి బయటికొచ్చి బండి చూస్తే ఆయన సొమ్మేం పోయేది? ముందు భాగాన్ని సుమారు 4 సెం.మీ. పైకి లేపే ఏర్పాటు 911కి ఎక్స్‌ట్రాగా దొరుకుతుంది, అద్దె బండికి అది లేదు. ఏటవాలుగా, అంగుళం అంగుళం ఎక్కించాను. అయినా గర్రుమంది. లోపలికి వెళ్లాక గోడ మీద చిన్న బోర్డు: పార్కింగ్ మీ సొంత బాధ్యత.

ముగ్గురికి గది 164. హీటర్ చల్లగా, దుప్పట్లు శుభ్రంగా. అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఆ సాయంత్రాన్ని నిలబెట్టింది సందులో ఒక చిన్న భోజనశాల. మాంసం లేనిది అడిగితే చీజు నూడుల్స్, పైన వేయించిన ఉల్లిపాయలు, 14.80. మా ఆవిడ చప్పగా ఉందని ముఖం పెడితే, వడ్డించే పెద్దావిడ లోపలికెళ్లి అప్పుడే తురిమిన హార్స్‌రాడిష్ దుంప గిన్నెడు తెచ్చింది. ఆ ఫ్రాంకోనియా ప్రాంతంలో అది బాగా తింటారట. ఘాటు ముక్కుకెక్కి కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ప్రయాణంలో మా ఆవిడ నవ్వింది అప్పుడే. దానికి డబ్బులు తీసుకోలేదు. ష్నీబాల్ అనే పిండివంట మాత్రం కొనకండి, 4 యూరోలు పెట్టి ఎండు పిండి నమలడమే.

మర్నాడు నడిచి తిరిగాం. ప్రాకారం పైన కప్పు కింద నడక ఉచితం. గోడలో దాతల పేర్లు చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. 1945 మార్చి 31 బాంబుదాడిలో పోయిన గోడను కట్టడానికి దేశదేశాల వాళ్లు డబ్బిచ్చారు. సెయింట్ యాకోబ్ చర్చిలో రీమెన్‌ష్నైడర్ అనే పాతకాలపు శిల్పి చెక్కిన కొయ్య బలిపీఠం తప్పక చూడండి. ఇవన్నీ కాళ్లతో చూసేవే. ప్రాకారం బయట పీ1 నుంచి పీ5 దాకా పార్కింగులున్నాయి, నేల చదును. బండి అక్కడ పెట్టి పెట్టె లాక్కుంటూ రండి. 911 సరదా తీరాలంటే ఊరి బయట టౌబర్ లోయ వెంట క్రేగ్లింగెన్ అనే ఊరి దాకా వెళ్లండి, ఆ మలుపుల్లో నాకు 389 గిట్టుబాటైంది.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు టార్చి పట్టుకుని ఒక కుర్రాడు కింద దూరాడు. కుడి వెనక రిమ్ము మీద గీతకు 640 అన్నాడు. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి తీసిన వీడియో చూపించాను, గీత అందులో ఉంది. నోరు మూసుకున్నాడు. బంపర్ కింది ప్లాస్టిక్ అంచుకు మాత్రం 285 డిపాజిట్‌లోంచి కోసుకున్నారు. హోటల్‌కు బిల్లు జోడించి మెయిల్ పెడితే, గోడ మీద బోర్డు ఫొటో పంపారు, అంతే.

సగం తాను ఇస్తానన్నాడు బావమరిది. తమ్ముడి దగ్గర డబ్బులేంటని మా ఆవిడ వద్దంది. నన్నడిగితే తీసుకునేవాణ్నే.