ఆరేళ్లుగా ఇంట్లోనే షుగర్ చూసుకుంటున్నాను: నా గ్లూకోమీటర్ సంగతి

2019లో నాకు షుగర్ బయటపడింది. పరగడుపున 186, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. డాక్టరు గారు మందులు రాసి, ఇంట్లో గ్లూకోమీటర్ ఒకటి ఉంచుకోమన్నారు. ఆ రోజు కొన్నదే ఇప్పటికీ వాడుతున్నాను. లోపలి బ్యాటరీ సెల్, రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులు తప్ప దానికి ఇంకే ఖర్చూ రాలేదు.

కొత్తలో పొద్దున పరగడుపున మాత్రమే చూసుకునేదాన్ని. 130 లోపు ఉంటే ఆ రోజుకి నిశ్చింత, 150 దాటితే టెన్షన్. ఏడాది అలాగే గడిచింది. పరగడుపు అంకె బాగానే ఉన్నా హెచ్‌బీఏ1సీ మాత్రం 8 కిందికి దిగలేదు. "తిన్నాక ఎంత పెరుగుతోందో మీరు చూడటం లేదమ్మా" అన్నారు డాక్టరు గారు. అప్పటి నుంచి జంటగా చూడటం మొదలుపెట్టాను. తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి ఇంకోసారి. ఒకరోజు టిఫినుకి, ఇంకోరోజు మధ్యాహ్నం భోజనానికి, మరోరోజు రాత్రికి.

మీటర్ విలువ నాకు తెలిసింది అక్కడే. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు 118 కాస్తా 214 అయింది. రెండు పెసరట్లు తిన్న రోజు 121 నుంచి 163 దగ్గర ఆగింది. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది రాగి జావ. షుగర్‌కి మంచిదని అందరూ చెబితే నెలల తరబడి పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగాను. ఒకరోజు చూసుకుంటే 232. మెత్తటి పిండి, పైగా జారుగా ఉడికించింది, చాలా త్వరగా అరిగి రక్తంలో కలుస్తుంది. అదే రాగి పిండితో రొట్టె చేసుకుని తోటకూర పప్పుతో తింటే 170 దాటలేదు. మీకు ఇంకోలా రావచ్చు, ఎవరి ఒంటి తీరు వారిది. అన్నం నేను మానలేదు. కొలత తగ్గించాను, ముందు కూర ఎక్కువగా తింటాను, తిన్నాక పావుగంట డాబా మీద నడుస్తాను. మందుల మోతాదు కూడా డాక్టరు గారు ఈ అంకెలు చూసే మార్చారు. రెండో ఏడాది చివరికి హెచ్‌బీఏ1సీ 7.1కి వచ్చింది.

అంకె తప్పు వచ్చినప్పుడు చాలాసార్లు తప్పు మీటర్‌ది కాదు. మామిడిపళ్ల రోజుల్లో పిల్లలకి రసాలు పిండిపెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని చూసుకుంటే 312 చూపించింది. గుండె జారిపోయింది. సబ్బుతో కడుక్కుని, తడి బాగా ఆరాక చూస్తే 154. వేలికి అంటిన తీపి కూడా స్ట్రిప్ మీదికి చేరుతుంది. ఒక వానాకాలం స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా పడక, చెమ్మ తగిలి, వారం రోజులు పొంతన లేని అంకెలు వచ్చాయి. డబ్బా మొత్తం పారేయాల్సి వచ్చింది. ఇప్పుడు మూత తీసిన తేదీ డబ్బా మీదే పెన్నుతో రాస్తాను.

ల్యాబ్‌కీ దీనికీ తేడా ఉంటుందని చాలామంది మీటర్ పక్కన పడేస్తారు. నేను ఒకసారి ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన నిమిషానికే చూసుకున్నాను. అక్కడ 142, ఇక్కడ 151. ఇలాంటి మీటర్లకు ఉన్న ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణమే 100, ఆపైన అంకెలకు 15 శాతం దాకా తేడాను ఒప్పుకుంటుంది. అందుకే 148, 155 చూసి నేనిప్పుడు కంగారుపడను.

కానీ షుగర్ మరీ పడిపోయి 58 చూసిన రోజు మర్చిపోలేను. కార్తీక సోమవారం, ఉపవాసం. పొద్దున షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర ఎప్పటిలాగే వేసుకున్నాను. సాయంత్రం నాలుగింటికి చెమటలు, చేతుల్లో వణుకు. నీరసం అనుకుని పడుకోబోయాను. మావారు బలవంతంగా వేలు గుచ్చి చూశారు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు, పావుగంటకి 84కి వచ్చింది. మీటర్ లేకపోతే పడుకునేదాన్నే. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ మాత్ర సంగతి ఇప్పుడు ముందే డాక్టరు గారిని అడుగుతున్నాను.

నచ్చనివి రెండు. సెల్ మార్చినప్పుడల్లా తేదీ, టైము చెరిగిపోతాయి, లోపల దాచిన అంకెలు ఏ పూటవో తెలియవు. అందుకే ఇప్పటికీ నోటు పుస్తకంలోనే రాసుకుంటాను: ఏం తిన్నాను, ఎప్పుడు, ఎంత. రెండోది స్ట్రిప్పుల ఖర్చు. రోజుకి నాలుగుసార్లు చూసుకుంటే 50 స్ట్రిప్పుల డబ్బా రెండు వారాలు కూడా రాదు. ఒక్కోసారి ఊళ్లో దొరకవు కూడా. వేలి నొప్పి మాత్రం పెద్ద సమస్య కాలేదు, కొసన కాకుండా పక్కన గుచ్చితే సరిపోతుంది. సూది రోజూ మారుస్తాను.

మొన్న మా తమ్ముడికీ షుగర్ వచ్చింది. వాడికి మీటర్ కొనడానికి వెళ్లినప్పుడు మందుల షాపతన్ని ముందు దాని ధర అడగలేదు. దాని స్ట్రిప్పులు ఏడాది పొడవునా దొరుకుతాయా, డబ్బా ఎంత, గడువు ఎన్ని నెలలు ఉంది అని అడిగాను.