వెనక ఫుట్‌రెస్టుల కిట్: ఆరు నెలలు వాడిన తరువాత

మోటార్‌సైకిల్ మీద వెనక కూర్చునేవారి కోసం కొన్న ఈ కిట్‌లో అన్నిటికంటే బాగున్నవి ఫుట్‌రెస్టులు. అన్నిటికంటే నాసిగా ఉన్నవి వాటిని పట్టి ఉంచవలసిన బోల్టులు. నా బండి రోడ్డు మీదా మట్టిదారిలోనూ తిరిగే డ్యూయల్ స్పోర్ట్ రకం. సీటు ఇద్దరికి సరిపోతుంది, బండితో వచ్చిన పుస్తకంలో ఇద్దరి బరువుకూ అనుమతి ఉంది, సబ్‌ఫ్రేమ్‌కు, అంటే సీటు కింద ఉండే ఉక్కు గొట్టాల చట్రానికి, రెండు వైపులా త్రెడ్ తీసిన బుడిపెలు కంపెనీ వెల్డింగ్‌తోనే వచ్చాయి. అసలు ఫుట్‌రెస్టులను మాత్రం మునుపటి యజమాని బరువు తగ్గించే ఉత్సాహంలో ఊడదీసి ఎక్కడో పారేశాడు.

ఈ వివరాలన్నీ ముందే చెప్పడానికి కారణం ఉంది. పోటీల కోసం తయారైన తేలికపాటి ఎండ్యూరో బండిలో వెనక సబ్‌ఫ్రేమ్ సాధారణంగా సీటునూ మడ్‌గార్డునూ మోయడానికే తప్ప మరో మనిషిని మోయడానికి ఉద్దేశించినది కాదు. 65 కిలోల మనిషి గతుకు దగ్గర ఒక్క కాలి మీద లేచి నిలబడ్డాడనుకుంటే, బ్రాకెట్‌కు 10 సెంటీమీటర్ల అవతల పడే ఆ బరువు అక్కడ 60 న్యూటన్ మీటర్లకు పైగా వంపు బలాన్ని కలిగిస్తుంది. అది కూడా బండి కదలకుండా ఉన్నప్పటి లెక్క. అటువంటి బండికి క్లాంపులతో బిగించే కిట్ కొనడం, లేదా అల్యూమినియం గొట్టానికి రంధ్రం వేయడం నేలవిడిచి సాము చేయడమే.

ఇక వస్తువు విషయానికి వస్తే, ఫుట్‌రెస్టులు ఉక్కువి, పై భాగంలో తీసి పెట్టుకోగల రబ్బరు ఉంది, బండి పడినా దేనికైనా తగిలినా పైకీ వెనక్కీ మడుచుకుంటాయి. మడత దగ్గర పిన్ను వదులు లేకుండా కూర్చుంది. అయితే మడిచిన ఫుట్‌రెస్టును అలాగే ఆపి ఉంచవలసిన స్ప్రింగ్ వాషర్ మెత్తబడి, రెండో నెలకల్లా బండి అదురుకు అది దానంతటదే కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను ఒక్కణ్ణే నిలబడి నడిపేటప్పుడు బూటు మడమ సరిగ్గా దానికే తగిలేది. వాషర్ మార్చాక ఆ బాధ తప్పింది.

అసలు పేచీ బోల్టులతో. కిట్‌లో వచ్చిన ఎం8 బోల్టు పొడవు 25 మిల్లీమీటర్లు; అందులో బ్రాకెట్‌కు 5, వాషర్‌కు 2, సైలెన్సర్ వైపు స్పేసర్‌కు 12 పోగా, త్రెడ్‌లోకి దిగేది ఆరే మిల్లీమీటర్లు. ఉక్కు బుడిపెలోనైనా బోల్టు మందానికి తగ్గకుండా, అంటే కనీసం 8 మిల్లీమీటర్ల పట్టు ఉండాలి; అల్యూమినియం అయితే ఇంకా ఎక్కువ కావాలి. పైగా తల మీద ఉండవలసిన, బోల్టు బలాన్ని తెలిపే 8.8 అనే గుర్తు వీటి మీద లేదు. బుడిపె లోతును పుల్ల పెట్టి కొలుచుకుని, ఆ గుర్తు ఉన్న 35 మిల్లీమీటర్ల బోల్టులు తెచ్చి, బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు జిగురు (థ్రెడ్‌లాకర్) రాసి, 25 న్యూటన్ మీటర్లకు బిగించాను.

బోల్టు తల మీదుగా బ్రాకెట్ మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీసి ఉంచాను; వదులైతే గీత తెగి కనిపిస్తుందని నా ధీమా. 80 కిలోమీటర్ల తరువాత చూస్తే గీత చెక్కుచెదరలేదు, అయినా అదే బిగువుకు టార్క్ రెంచ్ పెడితే బోల్టు బిగుతు వైపు ఇంకా ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది. బోల్టు వెనక్కి తిరగలేదు. బ్రాకెట్‌కు దట్టంగా వేసిన పౌడర్ కోటింగ్ ఒత్తిడికి నలిగి పలచబడటంతో బిగువు తగ్గింది. బ్రాకెట్ విప్పి, వాషర్ ఆనే చోటా బుడిపె ఆనే చోటా కోటింగ్ గీకేసి, తుప్పు పట్టకుండా పలచగా గ్రీజు పూసి మళ్లీ బిగించిన తరువాత ఇక కదలలేదు.

బిగించిన రోజే చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. రాచెట్ పట్టీతో సీటునూ వెనక చక్రాన్నీ దగ్గరికి లాగి సస్పెన్షన్ పూర్తిగా అణిగేలా చేస్తే, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ గానీ చైను గానీ బ్రాకెట్‌కు తగులుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. నా బండిలో వేలు పట్టేంత సందు మిగిలింది. పట్టీని అలా బిగిస్తూ పోయేటప్పుడే చైను వదులు కూడా చూసుకోవాలి, ఎందుకంటే ముందు పళ్లచక్రం, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే వరుసలోకి వచ్చేటప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది, వెనక మనిషి కూర్చుంటే బండి ఆ వరుసకు మరింత దగ్గరవుతుంది.

స్వింగ్‌ఆర్మ్ మీద బిగించే రకం కూడా దొరుకుతుంది, కానీ చక్రంతో పాటు పాదాలు కూడా ఎగిరిపడతాయి కనుక దాని జోలికి పోలేదు. ఈ కిట్ మీద మా తమ్ముడు మట్టిదారుల్లో గంటల తరబడి కూర్చున్నా మోకాళ్లు పట్టేశాయనలేదు. కుడి బూటు మడమ మాత్రం సైలెన్సర్‌కు తగిలి కాస్త కరిగింది, ఆ వైపు హీట్ షీల్డు విడిగా వేయించాల్సి వచ్చింది. బుడిపెలు ఉన్న బండి అయితే ఈ కిట్ కొనవచ్చు, బోల్టులు మాత్రం మీవి పెట్టుకోండి. వాటి పొడవు గురించి తయారీదారుకు కొలతలతో సహా రాశాను. మర్యాదగా క్షమాపణ చెప్పి, కొత్త బోల్టులు పంపారు. అవీ 25 మిల్లీమీటర్లవే.