పాత వర్మిక్యులైట్ షెడ్డు స్థలం: మట్టి పరీక్షా, దుమ్ము పరీక్షా? ఏది మేలు?

వర్మిక్యులైట్ అంటే కాకిబంగారంలా మెరిసే పొరల ఖనిజం, కొలిమిలో వేడి చేస్తే పొంగుతుంది. అలా పొంగించి మూతబడ్డ షెడ్డు స్థలం బేరానికి వస్తే అందరూ అడిగేది ఒకటే: "ఇక్కడ వర్మిక్యులైట్ పొంగించేవాళ్లట, మట్టి ల్యాబుకు పంపితే సరిపోతుందా?" మడికొండ దగ్గరైనా, మంచిర్యాలలోనైనా జవాబు ఒకటే: సరిపోదు.

వర్మిక్యులైట్ దానంతటది ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు ఖనిజం) కాదు. ఏ గనిదన్నదే ముఖ్యం. అమెరికాలో లిబ్బీ గని ఖనిజంలో పీచు ఆంఫిబోల్, అంటే ఒక రకం ఆస్బెస్టాస్, కలిసి ఉండేది. ఆ గని 1990లో మూతబడింది. కాబట్టి పాత కొనుగోలు బిల్లులు దొరికితే ముందు అవి చూడండి. మన చలకల్లో మెరిసే కాకిబంగారం చూసి కంగారు పడొద్దు. పొంగిన వర్మిక్యులైట్ హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది.

మట్టి పరీక్ష చవక. పై 5 సెంటీమీటర్ల మట్టిని 30 చోట్ల కొంచెం కొంచెం తీసి కలిపి పంపుతారు. కొలిమి అడుగు, పొంగకుండా మిగిలిన రాయి పోసిన గుట్ట మాత్రం విడిగా తీయాలి; పీచు ఎక్కువగా చేరేది ఆ వ్యర్థంలోనే. మట్టి తడిపి తీయాలి, పీ100 (సన్న దుమ్మును దాదాపు పూర్తిగా ఆపే) ఫిల్టర్ మాస్కు తప్పదు. నమూనా నీళ్లలో వేస్తే పొంగిన పలుకులు తేలతాయి, ఆంఫిబోల్ మునుగుతుంది. తేలింది మాత్రమే చూసే ల్యాబుకు పంపితే డబ్బు దండగ.

అసలు చిక్కు రిపోర్టులో ఉంటుంది. పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద ఆస్బెస్టాస్ "1 శాతం లోపు" అని వస్తే జనం ఊపిరి పీల్చుకుంటారు. ఆ 1 శాతం ఆరోగ్యాన్ని లెక్కగట్టి గీసిన గీత కాదు. అంతకన్నా తక్కువున్న మట్టి కూడా కదిపితే పీచు లేపగలదు.

అందుకే నా మొగ్గు దుమ్ము పరీక్షకు. మాస్కు, కవరాల్ వేసుకున్న మనిషి పారతో, దంతెతో నేల కదుపుతుంటే, నోటి ఎత్తున కట్టిన 25 మిల్లీమీటర్ల కేసెట్ (ఫిల్టర్ పెట్టిన చిన్న డబ్బా) లోకి పంపు గాలి లాగుతుంది. పిల్లలు ఆడే చోటైతే కేసెట్ కిందికి దించాలి. పంపులు రెండు పెట్టాలి, ఒకటి ఎక్కువ వేగం, ఒకటి తక్కువ. దుమ్ము ఎక్కువైతే వేగంగా లాగిన ఫిల్టర్ మట్టి పట్టి చదవడానికి రాదు, రెండోది అక్కరకొస్తుంది. చూడాల్సింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కిందే, ఖర్చు అక్కడే. ఇది ఏప్రిల్, మే నెలల్లో చేయించండి. శ్రావణంలో తడి నేల మీద చేసి "ఏమీ లేదు" అంటే అది వాన చెప్పిన మాట.

మామూలు ఫేజ్ కాంట్రాస్ట్ (కాంతితో చూసే మైక్రోస్కోపు) గాలి లెక్క? 5 మైక్రాన్లు దాటిన పీచు ఏదైనా లెక్కపెడుతుంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో దూది నూగు కూడా అందులో చేరుతుంది. వదిలేయండి.

డబ్బు ఒక్కదానికే ఉంటే? కొలిమి, గుట్ట మట్టి ముందు పంపండి. పీచు కనిపిస్తే దుమ్ము పరీక్ష అక్కర్లేదు, బేరమే ఆపేయండి. కనిపించకపోతేనే ఎండాకాలం దాకా ఆగి దుమ్ము లేపి చూడాలి. పక్కిళ్ల వాకిళ్లు కూడా వదలొద్దు. అమెరికాలో ఆ వ్యర్థ రాయిని ఊరికే ఇస్తుంటే జనం తీసుకెళ్లి పెరట్లో, దారిలో పరుచుకున్నారు.