మేడమీది హాలులో జిప్సం అడ్డుగోడ: విజయనగరంలో చేయించుకున్న పని తీరు

విజయనగరంలోని మా పాత ఇంటి మేడమీద పొడవాటి హాలును విడదీసి, అమ్మాయి చదువుకోవడానికి ఒక గది తీయవలసి వచ్చినప్పుడు మొదట ఇటుక గోడే అనుకున్నాము. అయితే గోడ రావలసిన చోట స్లాబు కింద దూలం లేదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఇరువైపులా పూతతో కలిపి, చదరపు మీటరుకు రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది. ఇనుప చట్రానికి రెండు వైపులా ఒక్కొక్క జిప్సం బోర్డు (రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం గట్టిపరచిన పలక) బిగించిన గోడ సుమారు 25 కిలోలే ఉంటుంది. ఈ ఒక్క లెక్క చూసుకొని, పట్టణంలో ఫాల్స్ సీలింగు పనులు చేసే ఒక సంస్థకు పని అప్పగించాము.

సామగ్రికి వంక పెట్టలేను. 12.5 మిల్లీమీటర్ల మందం, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బోర్డులు తెచ్చి, రెండేసి అడుగుల ఎడంతో స్టడ్లు, అంటే చట్రపు నిలువు ఇనుప కమ్మీలు, నిలిపి, వాటి మధ్య మోతను తగ్గించే గ్లాస్ వూల్ (గాజు నారల దూది) నింపి రెండు రోజుల్లో గోడ లేపారు. ఇసుక మోత లేదు, గోడ తడపడం లేదు. గది ఎత్తు పదడుగులు కాబట్టి అడ్డ అతుకు తప్పదు. పక్కపక్క బోర్డుల అడ్డ అతుకులు ఒకే వరుసలో రాకుండా అమర్చిన పనితనం మెచ్చదగినదే. హాలులోని టీవీ మోత పూర్తిగా ఆగలేదు గాని, చదువుకు అడ్డు రావడం లేదు.

చిక్కంతా అతుకుల పూత దగ్గర వచ్చింది. బోర్డుల అతుకు మీద పేపరు టేపు పరిచి కాంపౌండు (అతుకులు పూడ్చే ముద్ద) పూసిన తరువాత, అది పూర్తిగా ఆరాక మొదటిదానికంటే వెడల్పుగా రెండో పూత, ఆపైన మూడోది వేసి ఉప్పు కాగితంతో రుద్దాలి. వానల తేమలో ఒక్కో పూత ఆరడానికి రోజంతా పడుతుంటే, చివరి రెండు పూతలనూ ఒక్క పూటలోనే ముగించారు. సిరిమానోత్సవానికి చుట్టాలు వస్తారని తొందరపెట్టింది మేమే కనుక అందులో మా పాలూ ఉంది. రంగు వేసిన పక్షం రోజులకే, సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడల్లా గోడ మీద నిలువు గీతలు తేలసాగాయి.

రెండో లోపానికి మాత్రం తొందర కారణం కాదు. నేలకూ బోర్డుకూ మధ్య అర అంగుళం సందు వదలవలసి ఉండగా బోర్డును నేలకు ఆనించారు. తడిగుడ్డతో తుడిచిన నీటిని పీల్చి కింది అంచు ఉబ్బింది. చెప్పిన వారంలోగా వచ్చి, ఆ అంచు కోసి, సందును సీలెంటుతో నింపి, గోడ అడుగున స్కర్టింగు పట్టీ అతికించారు. అందుకు పైసా అడగలేదు.

పుస్తకాల అర తగిలించే చోట, బరువు ఆనడానికి, రెండో వైపు బోర్డు మూసే ముందే లోపల ప్లైవుడ్ పలక బిగించమని నేను అడిగాను. వారు తమంతట తాము ఆ ప్రస్తావన తేలేదు. స్నానాల గదికీ ఆకుపచ్చ బోర్డు వేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. అది గాలిలోని తేమను ఓర్చుకుంటుంది గాని, రోజూ మీద పడే నీళ్లను కాదు.

అతుకుల గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. సంక్రాంతి వెళ్లాక, గాలి పొడిగా ఉన్నప్పుడు వచ్చి సరిచేస్తామన్నారు. అంతవరకు బిల్లులో చివరి అయిదు వేలు మా దగ్గరే ఉంచుకున్నాము.