‘గన్‌స్మోక్’ బలం కథ రాసిన చేతిలో ఉంది

కౌబాయ్ అనగానే మన తెలుగువాళ్ళలో చాలామందికి కృష్ణ గారి టోపీ, గుర్రం, తుపాకీ దూసే వేగం కళ్ళ ముందు మెదులుతాయి. అమెరికాలో సీబీఎస్ టీవీ సంస్థ 1955 సెప్టెంబర్ నుంచి 1975 మార్చి వరకు ప్రసారం చేసిన ‘గన్‌స్మోక్’ ధారావాహికను కూడా ఆ ఊహతోనే చూడడం మొదలుపెడితే, తొలి ఎపిసోడ్‌లోనే ఆశ్చర్యపోవలసి వస్తుంది. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీలో చట్టాన్ని కాపాడే అధికారి, మార్షల్ మాట్ డిల్లన్ ఒక హంతకుడికి ఎదురు నిలిచి, తూటా తిని, అక్కడికక్కడే కుప్పకూలిపోతాడు. మంచం మీద కోలుకుంటూ జరిగినదాన్ని నెమరువేసుకున్నాక, అవతలివాడిది మెరుపు వేగమే గాని, బాగా దగ్గరగా ఉంటేనే వాడి గురి కుదురుతుందని అతనికి అర్థమవుతుంది. రెండోసారి ఎదురుపడినప్పుడు వాణ్ణి దగ్గరకు రానివ్వకుండా దూరం నుంచే పని ముగిస్తాడు. బలం కంటే ఆలోచనకు విలువనిచ్చే ఈ తీరే తొలి సంవత్సరాల ‘గన్‌స్మోక్’కు ప్రాణం.

దీనికి మూలం రేడియోలో ఉంది. నార్మన్ మెక్‌డానెల్, జాన్ మెస్టన్ కలిసి 1952లో పెద్దల కోసం రేడియో నాటకంగా దీన్ని మొదలుపెట్టారు. ఆ రేడియో కథలు ఎన్నో టీవీకి వచ్చాయి. మాటలతోనే మనిషిని నిలబెట్టవలసిన మాధ్యమంలో పుట్టినందువల్ల కాబోలు, ఈ నలుపు తెలుపు అరగంట కథల్లో అనవసరమైన మాట దాదాపు వినిపించదు. కొన్ని ఎపిసోడ్లలో డిల్లన్ ఊరి బయట బూట్ హిల్ సమాధుల మధ్య నడుస్తూ, అక్కడ పడుకున్నవాళ్ళ గురించి తనలో తాను మాట్లాడుకుంటుండగా కథ మొదలవుతుంది. చట్టాన్ని కాపాడడం ఈ మనిషికి గర్వకారణం కాదని, మోయక తప్పని బరువని ఆ నడకలోనే తెలిసిపోతుంది.

1961లో నిడివి గంటకు పెరిగాక కథలు కొంత వదులైన మాట నిజమే. అయినా మెస్టన్ కలం పట్టిన చోట పదును తగ్గలేదు. 1962లో వచ్చిన ‘ది గాలోస్’ అందుకు సాక్ష్యం. ఉరిశిక్ష పడిన ఒక యువకుణ్ణి డిల్లన్ స్వయంగా ఉరికంబం దగ్గరకు తీసుకువెళ్ళాలి. దారిలో ఆ యువకుడే మార్షల్ ప్రాణం కాపాడతాడు. ఇతను ఉరికి తగినవాడు కాడని డిల్లన్‌కు నమ్మకం కుదిరినా శిక్ష తప్పదు. ఆఖరి నిమిషంలో ఏదో ఒక అద్భుతం జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్న ప్రేక్షకుణ్ణి ఆ కథ ఓదార్చదు. ఈ ధారావాహికలో ఒక్క ఎపిసోడ్ మాత్రమే చూడగలిగే వ్యవధి ఉన్నవారికి నేను దీన్నే సూచిస్తాను.

నటుల ఎంపికలో లోపం వెతకడం కష్టం. ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్ గొంతు పెంచకుండానే గదిని అదుపులో ఉంచుతారు. మాట్లాడే ముందు అరచేత్తో ముఖం తుడుచుకొని చెవి లాక్కునే డాక్టర్ ఆడమ్స్‌గా మిల్బర్న్ స్టోన్‌ను చూస్తుంటే, మన ఊళ్ళో నాడి చూసే ముసలి వైద్యుడు గుర్తుకు వస్తారు. బిగిసిన కాలిని ఈడ్చుకుంటూ జైలు గదిలో కాఫీ కాచే మార్షల్ సహాయకుడు చెస్టర్ పాత్రకు డెన్నిస్ వీవర్ టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం అందుకున్నారు. 1964లో ఆయన తప్పుకున్నాక ఆ చోటును నింపిన ఫెస్టస్ హాస్యానికి అభిమానులు ఎక్కువే. నాకు మాత్రం చెస్టర్ భయాల్లోను, అమాయకత్వంలోను ఉన్న లోతు ఫెస్టస్‌లో కనిపించలేదు.

లోపాలు చిన్నవి కావు. అమెరికా మూలవాసుల పాత్రల్లో ఎక్కువ భాగం తెల్ల నటులకే దక్కాయి. కథ జరిగే కాలంలో పశువుల మందల వెంట నల్లజాతి కౌబాయ్‌లు పెద్ద సంఖ్యలో నడిచినట్టు చరిత్ర చెబుతున్నా, ఈ డాడ్జ్ సిటీలో వారి జాడ చాలా తక్కువ. మనుషుల మనసులను అంత నిజాయితీగా చూపిన రచన, ఎవరిని మనుషులుగా లెక్కించాలన్న దగ్గర కళ్ళు మూసుకోవడం నన్ను బాధించింది. దీనితో పోలిస్తే, చదునైన కాన్సస్ మైదానంలో కాలిఫోర్నియా కొండలు కనిపించడం పట్టించుకోనక్కరలేని విషయం.

1966లో రంగులు వచ్చాయి. మరుసటి ఏడాది ధారావాహికను ఆపేయబోయి, సీబీఎస్ అధిపతి విలియం పేలీ జోక్యంతో కొనసాగించారు. ఆ తరువాతి సంవత్సరాల్లో అతిథి నటుల చుట్టూ అల్లిన కథలు పెరిగి, డిల్లన్ మొదట్లోను చివర్లోను కనిపించి వెళ్ళిపోయే వారాలు వచ్చాయి. 635 ఎపిసోడ్లలో పడిన తూటా దెబ్బలన్నీ మరుసటి వారానికి మానిపోతుంటే, మొదటి ఎపిసోడ్‌లో ఆ గాయానికి ఉన్న విలువ క్రమంగా హరించుకుపోయింది.

అన్నిటికంటే నాకు వెలితిగా తోచింది కిట్టీ విషయం. లాంగ్ బ్రాంచ్ సెలూన్ అనే మద్యశాల నడిపే కిట్టీకి, డిల్లన్‌కు మధ్య ఉన్న అనుబంధాన్ని పైకి చెప్పకుండా చూపులతోనే నడిపించడం చాలా కాలం అందంగానే ఉంది. సెలూన్ తలుపు దగ్గర అతను తిరిగి వచ్చాడా లేదా అని చూసే అమాండా బ్లేక్ కళ్ళు ఎన్నో సంభాషణల పెట్టు. పంతొమ్మిది సీజన్ల తరువాత ఆమె తప్పుకున్నప్పుడు ఆ పాత్రకు సరైన వీడ్కోలు కూడా రాయలేదు. 1975 మార్చి 31న ప్రసారమైన ఆఖరి ఎపిసోడ్ ముగింపు కథ కాదు, మరో మామూలు వారపు కథ. అందులో కిట్టీ లేదు.